నాన్న ఉండగానే శవపెట్టె ధరలు కనుక్కోవడం తప్పా?

చెన్నై పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు బయటపెట్టొద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన భాగాలే ఇస్తున్నాను.

"మాది కావలి దగ్గర పల్లె. నాయనకు రైల్వేలో ఉద్యోగం రావడంతో మద్రాసు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. బాప్టిస్టు కుటుంబం. నాయనకు ఇప్పుడు 84 ఏళ్లు. లివర్ కేన్సర్. ఈ వయసులో ఇంక చేసేదేమీ లేదు, ఇంట్లోనే నొప్పి తెలియకుండా చూసుకోండి అని డాక్టర్లు చెప్పేశారు. కొన్ని నెలలే అన్నారు. మనిషి నీరసించారు గానీ తెలివి ఏమాత్రం తగ్గలేదు.

మూడేళ్ల కిందట అమ్మ ఉన్నట్టుండి పోయింది. ఆంబులెన్స్ డ్రైవర్ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ఆ షాపువాళ్లే అన్నీ తెచ్చారు. వాళ్లు ఏది చూపిస్తే దానికి తలూపాను. అన్నీ అయ్యాక లెక్క చూస్తే 1,86,000 రూపాయలు. పెట్టె 42,000. ఫ్రీజర్ బాక్సు రెండు రోజులకు 9,000. వ్యాను, చుట్టాలకు బస్సు కలిపి 16,000. షామియానా, కుర్చీలు, మైకు 14,000. పూలు 18,000. కీల్పాక్ సమాధుల తోటలో మా నాయనమ్మ సమాధి తెరిపించి అందులోనే అమ్మను పెట్టాం, దానికి ఫీజులు, కూలీ అన్నీ కలిపి 15,000. ఫోటోలు, వీడియో, లైవ్ 12,000. ఆదరణ కూడిక, అంటే ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన రోజు మూడు వందల మందికి భోజనాలు 60,000.

తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. అప్పుడు వీసా చిక్కు వల్ల రాలేక అంతా లైవ్‌లోనే చూశాడు. ఖర్చులో సగం తనదే అన్నాడు. 40,000 పంపాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. గొలుసు, నాలుగు గాజులు తాకట్టులో ఉన్నాయి. ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటున్నాను. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారిదీ పెద్ద జీతం కాదు.

ఈసారి అలా కాకూడదని ముందే నాలుగు షాపుల్లో ధరలు కనుక్కుందామనుకున్నాను. మా మేనత్తకు తెలిసింది. 'బతికున్న మనిషికి పెట్టె బేరం ఆడతావా, నీకు నోరెలా వచ్చింది' అని ఇంట్లో ఏడుపు. తమ్ముడేమో అమ్మకు తక్కువ చేశాం, నాయనకైనా టేకు పెట్టె, గాజు మూతతో తీసుకుందాం అంటాడు. ఎవరో పంపిన ఫోటో చూపించాడు, 1,10,000. అమెరికాలో రబ్బరు సీలు వేసిన పెట్టెలుంటాయని లింకులు పంపుతున్నాడు. నాయన మాత్రం 'మామూలు చెక్క పెట్టె చాలు, మీ అమ్మ ఉన్నచోటే పెట్టండి' అని నాతో ఒక్కదానితోనే అన్నారు. నాయన మాట నిలబెడితే నేను పిసినారినైనట్టు, తమ్ముడి మాట వింటే మళ్లీ తాకట్టు. నేను చేస్తున్నది తప్పా? ఎక్కడ తగ్గించాలి, ఎవరికి ఏం చెప్పాలి?"

అమ్మా, ముందు మీ మేనత్త సంగతి చూద్దాం. మీరు పెట్టె అనగానే, ఆవిడ అన్న పోబోతున్నాడన్నది ఆవిడకు తొలిసారి కళ్లకు కట్టింది. ఆ ఏడుపు దాని గురించి. మీది భక్తి గల ఇల్లు కాబట్టి మీ ధైర్యం కోసం ఒక మాట. ప్రభువును పెట్టిన సమాధి అరిమతయియ యోసేపు తన కోసం ముందే రాతిలో తొలిపించుకున్నది. యాకోబు మంచం మీదే ఉండి, తనను ఎక్కడ పాతిపెట్టాలో కొడుకులకు విడమరిచి చెప్పి మరీ కన్నుమూశాడు. ముందుగా ఏర్పాటు చేసుకోవడంలో అశుభం ఉందని మీ పాస్టరు గారూ అనరు. అలాగని ఈ వాక్యాలు పట్టుకెళ్లి మేనత్తతో వాదానికి దిగకండి. గెలుస్తారు, ఆవిడ మాత్రం మీ ఇంటికి రావడం మానేస్తుంది. అన్న దగ్గర కూర్చోవాల్సిన రోజులివి. ఆవిడకు ఈ పని కనబడకుండా చేయండి, అంతే.

కనబడకుండా చేయాలంటే షాపులకు మీరు వెళ్లకూడదు. మీవారిని పంపొచ్చు. ఆయన అల్లుడు కాబట్టి కొంచెం నిబ్బరంగా అడగగలరు. కాకపోతే ఏం అడగాలో తెలియక ఒక్క ధర కనుక్కుని వచ్చేస్తారు, అందుకని ప్రశ్నలు కాగితం మీద రాసివ్వండి. మీ చర్చి సంఘ పెద్దల్లో ఒకరిని పంపితే ఆయన ఇలాంటివి పదుల సంఖ్యలో చూసి ఉంటారు, ఏ షాపు నికరమో తెలుసు. కానీ ఆదివారం ఆరాధన అయ్యేలోపు విషయం సంఘమంతా తెలిసే ప్రమాదం ఉంది. మీ సంఘం ఎలాంటిదో మీకే తెలియాలి. నన్నడిగితే, సంఘంలో భూస్థాపన నిధి ఉందా, సంఘానికి అలవాటైన పెట్టె షాపు ఉందా అన్న రెండు ప్రశ్నలు పాస్టరు గారిని అడిగి, మిగతా పని మీవారికి అప్పగిస్తాను.

ఇప్పుడు మీ లెక్క. నేను దాన్ని రెండుసార్లు చదివాను, ఎందుకంటే ఇంట్లో గొడవంతా పెట్టె చుట్టూ తిరుగుతోంది గానీ డబ్బు అక్కడ లేదు. 1,86,000లో పెట్టె 42,000. నాలుగో వంతు కూడా కాదు. భోజనాలే దాదాపు మూడో వంతు. పూలు, షామియానా, బండ్లు కలిపితే 48,000, పెట్టె కన్నా ఎక్కువ. మీరు నాలుగు షాపులు తిరిగి 20,000కి పెట్టె సంపాదించారనుకోండి, మిగిలేది 22,000. మంచిదే. కానీ ఆ రోజు భోజనాల దగ్గర ఎవరో 'ఇంకో వంద మందికి చెప్పండి' అంటే అది ఒక్క నిమిషంలో కరిగిపోతుంది. పెట్టె ధర గురించి ఇంత బాధపడి, పూల గురించి ఎవరూ ఒక్క మాట అనకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. పెట్టె అన్నమాటకే భయం కాబట్టి దాని ఖర్చూ పెద్దగా కనబడుతుంది కాబోలు.

అలాగని పెట్టె ధర కనుక్కోవద్దని కాదు. షాపులో మనం దేనికి డబ్బు కడతామో తెలిసి ఉండాలి. చెక్క ఏమిటన్నది ఒకటి, టేకుకూ మామిడి చెక్కకూ ప్లైవుడ్‌కూ తేడా ఉంటుంది. దాని మీద పాలిష్, పిడులు, లోపలి శాటిన్ గుడ్డ, పరుపు, మూత మీది శిలువ, పేరు పలక. ఇవన్నీ పెట్టె ధరలో ఉన్నాయా, విడిగా వేస్తారా అన్నది మొదటి ప్రశ్న. 18,000 అని చెప్పిన పెట్టె, పిడులు, గుడ్డ కలిసేసరికి 26,000 అవుతుంది. పెట్టె ఒక్కటే ఇస్తారా, లేక వ్యాను, ఫ్రీజర్ బాక్సు, పూలు అన్నీ వాళ్ల దగ్గరే తీసుకోవాలా అన్నది రెండోది. ప్యాకేజీలో మనకు అక్కర్లేనివి ఉంటాయి, వాటికీ కడతాం. రాత్రిపూట ఫోన్ చేస్తే అదే ధరా, ఇంటిదాకా తెచ్చినందుకు విడిగా తీసుకుంటారా అన్నది మూడోది. మీ నాన్నగారి ఎత్తు, భుజాల వెడల్పు ఒక అంచనాగా రాసుకోండి. కొలత తెలియకపోతే షాపువాళ్లు పెద్దది చూపిస్తారు, దాని ధరా పెద్దదే. చూపించడంలోనూ ఒక పద్ధతి ఉంది. మెరుస్తున్నవి ముందు వరుసలో ఉంటాయి, మామూలువి లోపల ఎక్కడో ఉంటాయి. 'ఇంతకన్నా తక్కువలో ఉన్నవి చూపించండి' అని నోరు తెరిచి అడిగితేనే బయటికొస్తాయి. అది అడగడం మీవారికి తేలిక, పోయినసారి మీ పరిస్థితిలో ఉన్న మనిషికి అసాధ్యం. ముందుగా కనుక్కోవడం వల్ల వచ్చే లాభమంతా అదే.

చెప్పిన ధరను వాట్సాప్‌లో రాసి పంపమనండి. మాట మీద ఉన్న ధర ఆ రోజుకి మారిపోతుంది. కనీసం మూడు చోట్ల అడగాలి. ఆంబులెన్స్ డ్రైవర్లో, ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డవాళ్లో ఇచ్చే నంబర్లను పక్కన పెట్టండి. వాళ్లకిచ్చే కమిషన్ మన బిల్లులోనే కలుస్తుంది.

తెలిసిన వడ్రంగితో చేయించుకునే వాళ్లు కూడా ఉన్నారు. ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే కొన్ని గంటల్లో చేసివ్వగల వడ్రంగి దొరకాలి, లేదంటే ముందే చేయించి ఎక్కడో పెట్టాలి. పెరంబూరు ఫ్లాట్‌లో పెట్టెను దాచడం, అదీ మీ మేనత్త వచ్చిపోయే ఇంట్లో, నేను సలహా ఇవ్వను.

పెట్టె విషయంలో డబ్బు కన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. దాన్ని మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు. నాన్నగారు అమ్మగారున్న చోటే కావాలన్నారు. అది కీల్పాక్. మద్రాస్ సిమెటరీస్ బోర్డ్ ట్రస్టు నడిపే ఆ తోటలో చాలా కాలంగా కొత్త జాగాకు కటకట. అందుకే కుటుంబ సమాధులు తెరిచి అందులోనే పెడతారు, మీరూ అలాగే చేశారు. అయితే తెరిచి మూడేళ్లే అయింది. ఒకసారి తెరిచిన సమాధిని మళ్లీ ఎప్పుడు తెరవొచ్చన్నదానికి నియమాలుంటాయి, లోపల లోతు మిగిలిందా అన్నదీ చూస్తారు. పెట్టెల షాపులకన్నా ముందు మీవారు వెళ్లాల్సింది తోట ఆఫీసుకు. సమాధి నంబరు, అమ్మగారి అప్పటి రసీదు, నాయనమ్మగారి పాత కాగితాలు తీసుకెళ్లి, ఇందులోనే పెట్టడానికి అనుమతి ఇస్తారా, ఫీజు ఎంత, ఏ కాగితాలు తేవాలి అని అడగాలి. కుదరదంటే అదే ట్రస్టు చూసే కాసిమేడు తోటలో వీలుందేమో అక్కడే అడగొచ్చు. కుదరదన్న సంగతి ఇప్పుడు తెలిస్తే నాన్నగారితో మాట్లాడుకునే వ్యవధి ఉంటుంది. ఆ రోజు తెల్లవారుజామున తెలిస్తే ఎవరు ఏ ధర చెప్పినా కట్టాల్సి వస్తుంది. కావలి తీసుకెళ్లడం అన్న దారి ఉంది గానీ రెండు వందల కిలోమీటర్ల పైన బండి, వెంట వచ్చేవాళ్ల ప్రయాణాలు, అన్నిటికీ మించి నాన్నగారు అడిగింది అది కాదు. దాన్ని వదిలేయండి.

ఇక్కడే టేకు పెట్టె సంగతి తేలిపోతుంది. కుటుంబంలో ఒకరి తర్వాత ఒకరిని అదే సమాధిలో పెట్టుకునే చోట, తొందరగా మట్టిలో కలిసే చెక్క కావాలి. మందమైన టేకు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, గాజు అసలే కలవదు. మీ నాన్నగారు మామూలు చెక్క అన్నది పొదుపు కోసమేనో, రైల్వే మనిషి కాబట్టి ఇవన్నీ లెక్క వేసుకునే అన్నారో! ఏమైనా ఆయన కోరుకున్న చోటికి ఆయన కోరుకున్న పెట్టే తగినది. తమ్ముడికి ఈ ఒక్క మాట చెప్పి చూడండి. ఇది ఖర్చు మాట కాదు కాబట్టి అతనికి కోపం రాదు.

రబ్బరు సీలు పెట్టెల గురించి అతను పంపే లింకులకూ సమాధానం ఉంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ల ఫ్యునరల్ రూల్ 1984 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అక్కడి షాపు ఫోన్లో అడిగినా ధర చెప్పాలి, ఒక్కో సేవకూ విడివిడిగా ధరల పట్టిక చేతికివ్వాలి, పెట్టెలు చూపించకముందే వాటి ధరల జాబితా చూపించాలి. బయట కొన్న పెట్టె తెచ్చుకుంటే కాదనకూడదు, దానికి అదనంగా వసూలు చేయకూడదు. సీలు వేసిన పెట్టె దేహాన్ని చిరకాలం కాపాడుతుందని చెప్పి అమ్మకూడదని కూడా అదే రూలు. అక్కడ ఒక పెట్టె సగటున 2,000 డాలర్లకు కొంచెం పైన ఉంటుందని, మహాగనీ, కంచు, రాగి పెట్టెలు 10,000 డాలర్ల దాకా పోతాయని ఆ కమిషనే చెబుతుంది. అంటే ఆ దేశంలోనే, ముందు ధరలు పోల్చి చూసుకోండని ప్రభుత్వం జనానికి చెబుతోంది. మీరు చేస్తున్నదీ అదే. డల్లాస్‌లో ఉన్నవాడికి ఈ మాట మీరు చెప్పడం కన్నా, ఆ కమిషన్ వెబ్‌సైటులో అతన్నే చదువుకోమనండి.

కానీ తమ్ముడి గురించి నాకనిపించేది చెబుతాను. అమ్మను ఫోన్ తెరమీద సాగనంపినవాడు అతను. 'అమ్మకు తక్కువ చేశాం' అంటున్నాడే, అందులో తక్కువ చేసింది అతనే అన్న బాధ ఉంది. లక్షా పదివేల పెట్టె దానికి మందు అనుకుంటున్నాడు. కాబట్టి ధర మీద అతనితో పోట్లాడితే మీ ఇద్దరికీ తెగదు. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, నాన్నగారే వీడియో కాల్‌లో అతనితో చెప్పడం. మీకు చెప్పినట్టే, మామూలు పెట్టె, అమ్మ ఉన్నచోటు అని. ఇదే అన్నిటికన్నా గట్టిది, తర్వాత మిమ్మల్ని ఎవరూ పిసినారి అనలేరు. కష్టమేమిటంటే తమ్ముడు అక్కడ ఏడిస్తే ఇక్కడ పెద్దాయన కంగారుపడతారు. ఆయన నొప్పి తక్కువగా ఉన్న పూట చూసుకోవాలి, మేనత్త కూడా పక్కన ఉంటే మరీ మంచిది. ఆవిడ కూడా వింటుంది. చెప్పించడం కోసం ఆయన్ని బలవంతం మాత్రం చేయకండి. మీతో ఒక్కదానితోనే అన్నారంటే మిగతావాళ్లను నొప్పించడం ఇష్టంలేకనే అయ్యుండొచ్చు.

రెండోది, బిల్లు మొత్తం అతనికి పంపడం. అమ్మగారి లెక్క, ఎవరు ఎంత పెట్టారు, తాకట్టు వడ్డీ ఇప్పటిదాకా ఎంత కట్టారు, అన్నీ. మూడేళ్లుగా మీరు అడగలేదు, అతనికి గుర్తు లేకపోవచ్చు, గుర్తుండి మొహమాటపడుతుండవచ్చు. సగం అంటే 93,000. అందులో 40,000 పోను 53,000 అతని వైపు ఉంది. ఇది చెప్పినప్పుడు కొన్నాళ్లు మాటలు తగ్గొచ్చు. నాన్నగారు ఉన్న ఈ రోజుల్లో ఆ దూరం మీరు భరించగలరా అన్నది చూసుకోండి. లేదనుకుంటే ఇది తర్వాతకు వాయిదా వేయండి, కానీ ఎప్పటికీ వేయకండి.

మూడోది, నీకు టేకే కావాలంటే తీసుకో, డబ్బు ముందు పంపు అనడం. తోటవాళ్లు ఒప్పుకుంటే, నాన్నగారు సరే అంటే, అది అతని ఇష్టం, అతని ఖర్చు. ఇందులో ఒక్కటే షరతు, 'తర్వాత పంపిస్తా' అన్నదానికి మీరు ఒప్పుకోకూడదు. అమ్మగారి విషయంలో మునిగింది అక్కడే. డబ్బు ముందు రాకపోతే మామూలు పెట్టె తెస్తామని ఇప్పుడే చెప్పి ఉంచండి.

నన్నడిగితే మరో మాట కూడా అతనితో అంటాను. ఆ పెట్టెకు పెట్టాలనుకున్న డబ్బుతో టికెట్ కొనుక్కుని ఇప్పుడే వచ్చి, వారమో పది రోజులో నాన్న మంచం పక్కన ఉండి వెళ్లమని. దీనికి డబ్బుకు సంబంధించిన కారణం కూడా ఉంది. ఆ రోజు అతను బయల్దేరి వచ్చేదాకా ఆపితే ఫ్రీజర్ బాక్సు అద్దె రోజుకు రోజు పెరుగుతుంది, షామియానా, కుర్చీలు రెండో రోజుకు నడుస్తాయి, ఇంటినిండా ఉన్న జనానికి టీలు, టిఫిన్లు. అతను ఒకసారి చూసి వెళ్లి ఉంటే మరుసటి రోజే భూస్థాపన పెట్టుకోవచ్చు, లైవ్‌లో చూసినా గుండె అంతగా పిండదు. అయినా సరే రావాలి, ఆగండి అంటే ఆగండి. అప్పుడు ఆగినందుకయ్యే ఖర్చు అతనిదని చెప్పడంలో తప్పులేదు. ఫ్రీజర్ బాక్సు అద్దె 24 గంటల లెక్కా, తేదీ మారితే ఇంకో రోజు లెక్కా అన్నది అడిగి పెట్టుకోండి. ఫ్రీజర్ బాక్సు ఉన్నప్పుడు దూరప్రయాణం లేకపోతే ఎంబామింగ్, అంటే దేహం పాడవకుండా మందు ఎక్కించడం, కూడా చేయించమని ఎవరైనా అంటే ఎందుకని అడగండి. అన్నట్టు, పోయినసారి లైవ్‌కు పెట్టిన ఖర్చును నేను దుబారా అనను. కాకపోతే ఈసారి సంఘంలోని కుర్రాడెవరైనా ఫోన్ స్టాండు మీద పెట్టి చేసినా సరిపోతుంది.

ఇంటి దగ్గర కన్నుమూస్తే డాక్టర్ సర్టిఫికెట్ లేక చాలామంది తిప్పలు పడతారు. ఆ కంగారులో మళ్లీ ఏదో ఆస్పత్రికి తీసుకెళ్లడం, అక్కడ బిల్లు. నాన్నగారిని ఇప్పుడు చూస్తున్న డాక్టర్‌తో ముందే మాట్లాడండి. ఆఖరి జబ్బుకు వైద్యం చేసిన డాక్టరు మరణ కారణం సర్టిఫికెట్ ఇవ్వాలని, దానికి ఫీజు తీసుకోకూడదని 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఇంటి దగ్గర జరిగిన మరణానికి ఫారం 4ఏ. ఆ కాగితం సమాధుల తోటలోనూ అడుగుతారు. 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే ఆలస్య రుసుం ఏమీ ఉండదు. ఒకవేళ చివర్లో ప్రభుత్వాసుపత్రిలో చేర్చాల్సి వచ్చి అక్కడే జరిగితే, ఇంటికి తీసుకురావడానికి తమిళనాడు ప్రభుత్వ ఉచిత వాహనం ఉంది, నంబరు 155377. 108 బండి అందుకు రాదు.

షాపు బిల్లు మొత్తం మీద జీఎస్టీ అని వేస్తే ఒక్క క్షణం ఆగండి. అంత్యక్రియల సేవలు, దేహాన్ని తీసుకెళ్లే బండి జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలులో ఉన్నాయి, వాటికి పన్ను లేదు. పెట్టెలాంటి వస్తువుల సంగతి వేరు. అందుకే బిల్లు విడివిడిగా రాయించుకోవాలి. ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్న కార్మికుడు పోతే అంత్యక్రియలకు 15,000 దాకా ఆ సంస్థ ఇస్తుంది, అడగక వదిలేసుకునే కుటుంబాలున్నాయి. మీ నాన్నగారు రైల్వే కాబట్టి మీకు వర్తించదు.

భోజనాల దగ్గర మీకు అసలైన పరీక్ష. మూడు వందల మందికి 60,000 అంటే మనిషికి 200. భూస్థాపన అయ్యాక అందరికీ టీ, బన్ను ఇచ్చి, ఆదరణ కూడికకు కావలి నుంచి, నెల్లూరు నుంచి వచ్చే ఓ అరవై మందికే భోజనం పెడితే 12,000. పెట్టె మీద మీరు ఎంత బేరమాడినా రాని మిగులు ఇక్కడ వస్తుంది. మాట పడతారు, అది ఖాయం. 'రైల్వే పెన్షన్ తిన్న మనిషికి ఇంతేనా' అని ఎవరో ఒకరు అంటారు. అది పడలేననుకుంటే భోజనాలు ఉంచి పూలు, షామియానా తగ్గించండి. పెట్టె మీద సంఘం వాళ్ల తెల్లగుడ్డ కప్పి ఒక్క దండ వేస్తే కింద చెక్క ఏదో ఎవరికీ కనబడదు, పూలకు 18,000 పెట్టక్కర్లేదు. రెండూ తగ్గించాలని చూస్తే మీరు ఒక్కరే అందరితో పోరాడాలి. ఏదో ఒకటి ఎంచుకోండి. గ్రానైట్ సమాధి సంగతి ఆ వారంలో ఎవరెత్తినా సంవత్సరీకానికి చూద్దామనండి. తవ్విన మట్టి కుదురుకోవాలి కూడా.

ఆ రోజు డబ్బు మీ చేతిలో ఉండకూడదు. మీవారికో, పెద్దగా కదిలిపోని ఇంకో బంధువుకో ఒక మొత్తం ఇచ్చి, రాసిపెట్టుకున్న పట్టిక చేతికిచ్చి, ఇది దాటితే ఎవరు చెప్పినా ఆగి నాకు ఫోన్ చేయండి అనండి.

ఆ మొత్తం ఎక్కడినుంచి రావాలన్నది చివరి ప్రశ్న. నాన్నగారికి తెలివి బాగుంది కాబట్టి ఆయన్నే అడగండి. తన భూస్థాపనకు తన డబ్బు పెట్టుకోవాలని చాలామంది పెద్దవాళ్లకు ఉంటుంది, పిల్లలు అడగరు కాబట్టి చెప్పరు. ఆయన ఒప్పుకుంటే ఆ డబ్బును పెన్షన్ ఖాతాలో కాకుండా ఆయనా మీరూ కలిసి తెరిచే ఇంకో ఖాతాలో, ఈదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు డబ్బు తీసుకోగలిగేలా వేయించండి. ఆయన ఒక్కరి పేరున్న ఖాతా అయితే ఆ తర్వాత నామినీ కాగితాలు అయ్యేదాకా డబ్బు చేతికి రాదు. ఏటీఎం కార్డు ఉంది కదా అని తీయడం చట్టం ఒప్పుకోదు, తమ్ముడితో లేనిపోని తగాదా కూడా. ఆయన పోయాక పెన్షన్ బ్యాంకుకు వెంటనే తెలపాలి, ఆ తర్వాత పడిన పెన్షన్ వెనక్కి తీసుకుంటారు. ఈ ఖాతా విషయం మీరు తెరిచేముందే తమ్ముడికి చెప్పండి, ఎంత ఉందో కూడా చెప్పండి.

ఖాతాలో చాలినంత లేకపోతే మిగతాది ఇద్దరూ సగం సగం అని ఇప్పుడే వాట్సాప్‌లో రాసుకోండి. మీ సగానికి ఇంకేదైనా తాకట్టు పెట్టాల్సి వచ్చేలా ఉంటే, ఆ మాట దాచకుండా అందులోనే రాయండి. పోయినసారి మీ గొలుసు సంగతి తమ్ముడికి తెలుసో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.